పారిభాషిక పదములును పఠనమును

అమెరికాలో టెక్సస్ రాష్ట్రమున కాపురమున్న మా తమ్ముని కుమార్తె ఆరవ తరగతి చదువుచున్నది. ఆ దేశపు బడులలో ఇంగ్లీషు పాఠమునకు 'ఇంగ్లీష్ లాంగ్వేజ్ ఆర్ట్స్' అని పేరు. చదువుట, వ్రాయుట, వినుట, మాటలాడుట అను నాలుగు వ్యాపారములను ఒక్కచో చేర్చి యట్లు పిలుచుచుందురు. పరీక్షకు ముందు పునశ్చరణ చేసికొనుటకై బడిలో నిచ్చిన యొక పత్రమును ఆ బాలిక మాకు ఫోనులో పంపి, ఇందలి మాటలను తెలుగులో నేమందురో వ్రాయుమని కోరినది. అది రెండు పుటల పత్రము. ఎడమ ప్రక్క 40 పదములు, కుడి ప్రక్క ఒక్కొక్క వాక్యములో వాని నిర్వచనములు: సిమిలీ, మెటాఫర్, హైపర్బొలీ, ఐరనీ, థీమ్, మెయిన్ ఐడియా, ఇన్ఫరెన్స్, టోన్, పాయింట్ ఆఫ్ వ్యూ మున్నగునవి. మా యూరి ఇంగ్లీషు మీడియము పిల్లల సంచులలోను ఇట్టి పత్రములే, మరికొన్ని అచ్చుతప్పులతో, కానవచ్చుచున్నవి. కావున ఇది సముద్రమునకు ఆవలివారి విచారము మాత్రమే కాదు. ఒక గ్రంథమును విమర్శించునట్లు ఈ కాగితమును విమర్శింప నేల యని కొందరు నవ్వవచ్చును. మన పిల్లలు గ్రంథములకంటె ఇట్టి కాగితములనే హెచ్చుగా చదువుచున్నారన్న సంగతి ఎరిగినవారు నవ్వరు.

ముందుగా మా దోషమును మేమే యొప్పుకొనవలెను. ఇట్టి పత్రములను మేమును 20 ఏండ్లుగా పిల్లలచేత వ్రాయించితిమి. సంస్కృతము కొంత, ఇంగ్లీషు కొంత చదివి బడిపంతులమైన నాటినుండియు, నిర్వచనమును తడబడక అప్పగించినవాడే చదువరి యని నమ్మి మార్కులు వేసితిమి. అట్లు నూటికి నూరు తెచ్చుకొన్న మా శిష్యుడొకడు, కొన్ని యేండ్ల క్రిందట, తనకు ఉద్యోగమిచ్చిన యొక సంస్థవారి ఒప్పందపత్రమును చేతబట్టుకొని మా యింటికి వచ్చెను. అప్పటికే సంతకము చేసియుండెను. బిగ్గరగా చదువుమంటిమి. ఒక్క మాటకైనను ఆగక, ఉచ్చారణ తప్పక, ఆరు పుటలును చదివెను. "ఇందులో నిన్ను ఏమి చెయ్యమన్నారు నాయనా?" అని యడిగితిమి. "ఉద్యోగం ఇస్తున్నామన్నారండి" అనెను. నాలుగవ పుటలో, రెండేండ్లు నిండకమునుపే విడిచిపోయినయెడల మూడు నెలల జీతము చెల్లింపవలెననియు, అంతవరకు పట్టాల అసలు ప్రతులు వారియొద్దనే యుండుననియు ఉన్నది. ఉన్నదనుట సూటిగా కాదు. 'అభ్యర్థి సమ్మతించినట్లు భావింపబడును' అను తీరున మూడు చుట్టుదారి వాక్యములలో నున్నది. ఆ వాక్యములను అతడు పలికెను గాని అవి తన్ను గూర్చినవని గ్రహింపలేదు. మెటాఫర్ నిర్వచనము మాత్రము నాటికిని అతనికి కంఠస్థమే. ఆ నాటినుండి మాకీ పత్రములనిన భయము.

ఇక పత్రమును చూతము. మొదటి పదము సిమిలీ. 'లైక్' అను మాటతోగాని 'యాజ్' అను మాటతోగాని రెండు వస్తువులను పోల్చుట సిమిలీ యట. మా తరగతిలో ఒకనాడు పాఠమందలి సిమిలీల క్రింద గీతలు గీయుడని చెప్పగా, ఒక బాలుడు 'ఐ లైక్ మ్యాంగోస్' అను వాక్యము క్రింద గీసెను. తరగతి యంతయు గొల్లుమనెను. మేము నవ్వలేకపోతిమి, వాడు మేము చెప్పినదే చేసెను. అంతకంటె సూక్ష్మమైన పొరపాటు వాని ప్రక్క వరుసలోని బాలికది. ఫలానా పిల్ల అచ్చముగా తన తల్లివలె నుండునను నర్థము గల వాక్యమును ఆమె గుర్తుపెట్టెను. అక్కడ 'లైక్' కలదు, పోలికయు కలదు, సిమిలీ మాత్రము లేదు. తల్లిపోలిక బిడ్డకు వచ్చినదనుట వార్త. వేరువేరు జాతుల వస్తువులలో అంతకుముందు మనము చూడని సామ్యమును ఒకడు కనిపెట్టి చూపినప్పుడు కదా అది అలంకారమగుట!

మన ఆలంకారికులు ఉపమకు నాలుగు అంగములు చెప్పిరి: ఉపమేయము, ఉపమానము, ఆ రెంటికిని గల సాధారణధర్మము, 'వలె' అను వాచకము. ఈ నాలుగింటిలో మిక్కిలి అల్పమైనది నాలుగవది. అది లోపించినను ఉపమ నిలుచునని లుప్తోపమ యను భేదమునే కల్పించిరి. ఇంగ్లీషులో 'స్నోవైట్' అను సమాసమున 'లైక్'యు లేదు, 'యాజ్'యు లేదు. మంచువంటి తెలుపను పోలిక చెక్కుచెదరలేదు. మా చేతిలోని పత్రము ఆ నాలుగవ అంగమును పట్టుకొని, ప్రాణభూతమైన మూడవదానిని విడిచినది. 'మెరుపులాగా వచ్చాడు' అనినప్పుడు వేగమా, కాంతియా, క్షణములో మాయమగుటయా, ఏది సాధారణధర్మము? ఈ ప్రశ్న యడిగినచో పిల్లవాడు ముందు వాక్యమును, వెనుక వాక్యమును మరల చూడక తప్పదు. అట్లు వెనుకకు పోయి చూచుటయే చదువుట. 'లైక్' ఎక్కడ నున్నదో వెదకుటకు చదువక్కరలేదు, కన్నులుండిన చాలును.

మెటాఫర్ సంగతి ఇంకను చిత్రమైనది. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తన 'రెటోరిక్' మూడవ భాగమున, సిమిలీయు నొకవిధమైన మెటాఫరే, భేదము స్వల్పము అను నభిప్రాయమును చెప్పెను. మన దండి కావ్యాదర్శమున దీనికి తలక్రిందుగా, భేదము మరుగుపడిన ఉపమయే రూపకమనెను. రోమకుడగు క్వింటిలియన్ ఈ విషయమున దండి పక్షము: అతనికి మెటాఫర్ కుదించిన సిమిలీ. ఇంత పెద్దలు తల్లి యెవరో బిడ్డ యెవరో తేల్చుకొనలేకపోగా, మన పత్రము రెంటిని రెండు గళ్లలో పెట్టి నడుమ గీత గీసి ఊరకున్నది. అన్నియు మన శాస్త్రములలోనే కలవని మీసము దువ్వు పండితులును, మనకేమియు లేదు సమస్తము ఇంగ్లీషువారినుండి నేర్వవలసినదే యను నవనాగరికులును ఇట్టి చోటులనే కలిసికొందురు. ఇరువురును పుస్తకము తెరువకయే తీర్పు చెప్పువారు.

తెలుగు పేరులు వ్రాసి పంపుమని కోరిన బాలికకు ప్రత్యుత్తరము వ్రాయబూనినప్పుడు మేమే తికమకపడితిమి. మెటాఫర్ అనగా రూపకము అని వ్రాసి, కొట్టివేసితిమి. 'ఆమె ముఖము చంద్రుడు' అనినచో రూపకమే. ముఖము మాట యెత్తక, ఆమె గుమ్మము దాటి వచ్చుచుండగా 'అదిగో చంద్రోదయము' అనినయెడల మనవారు దానిని అతిశయోక్తిలో చేర్చుదురు. ఉపమానము ఉపమేయమును మింగివేసినదని మమ్మటుని లెక్క. ఇంగ్లీషువారికి అదియు మెటాఫరే. సరే, అతిశయోక్తికి ఇంగ్లీషేమనగా, బడి నిఘంటువులు హైపర్బొలీ యని చూపును. హైపర్బొలీ అనగా ఉన్నదానిని మించి చెప్పుట మాత్రమే. ఒకే మాట రెండు ఇండ్లలో రెండు కాపురములు చేయుచున్నది. పిల్లవాడు తెలుగు పంతులుగారి తరగతిలో నేర్చిన అతిశయోక్తిని ఇంగ్లీషు తరగతికి తీసికొనిపోయిన తప్పు, ఇంగ్లీషు తరగతిలోనిది తెలుగు తరగతికి తెచ్చిన తప్పు. ఉపాధ్యాయు లిరువురును వానినే మందలింతురు గాని తాము మాత్రము ఒకరితో నొకరు మాటలాడుకొనరు.

దీనికంటె హానికరమైనది థీమ్ అను పదమునకు ఇతివృత్తమని అర్థము చెప్పుట. నాట్యశాస్త్రమున ఇతివృత్తము నాటకమునకు శరీరము. అనగా కథాసంవిధానము, ఇంగ్లీషువారు ప్లాట్ అనునది. థీమ్ అట్టిది కాదు. ఆ శరీరము దేనికొరకు నడచినదో ఆ భావము. ఇతివృత్తము చెప్పుమనగా కథయంతయు చెప్పుకొనిపోవు పిల్లవానిది తప్పా, థీమ్ ఇతివృత్తమని నేర్పిన మాది తప్పా? మేము దానికి 'అంతర్భావము' అని వ్రాసి పంపితిమి. అంతకంటె మంచి మాట మా పాఠకులకు తోచినచో సంతోషముతో స్వీకరింతుము.

మెయిన్ ఐడియా యను నదియు ఇట్టిదే. పత్రము దీనిని 'రచన ముఖ్యముగా దేనిని గూర్చినదో అది' యని నిర్వచించినది. దేనిని గూర్చినదో అది విషయము. ఆ విషయమును గూర్చి రచయిత ఏమనుచున్నాడో అది ప్రతిపాద్యము. ఈ రెంటిని ఒక్కటిగా పెనవేసినందున మా పిల్లలు 'దోమలు' అని ఒక్క మాట వ్రాసి, పూర్తి మార్కులు రాలేదని కంటతడి పెట్టుకొందురు.

ఆ దోమల పాఠమునే తీసికొందము. పెరటిలో మరచిన తొట్టిలో నీరు నిలిచినదని మొదలు. దోమ ఆ నీటిలో గ్రుడ్లు పెట్టునని తరువాత. నడుమ, 1897లో సికింద్రాబాదున రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన వృత్తాంతము, ఆతని యోర్పునకు ప్రశంస. కడపట ఒక బాలిక ఆ తొట్టిని బోర్లించుట. మెయిన్ ఐడియా యేమని యడుగగా సగము తరగతి రాస్ గొప్పవాడని చెప్పెను. తప్పని వారి నోరు మూయుట సులభము. ఎందుకు తప్పో చెప్పుటకు మాకు ఇంగ్లీషు పత్రమున సాధనము దొరకలేదు. మీమాంసకుల యొద్ద దొరకెను. తాత్పర్యనిర్ణయమునకు వారు ఆరు గుర్తులు చెప్పిరి: ఉపక్రమోపసంహారముల పొందిక, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి. మొదటను తుదను ఉన్నదేమి? తొట్టి. మాటిమాటికి వచ్చుచున్నదేమి? నిలిచిన నీరు. ఈ పాఠము చదువకున్న మనకు తెలియనిదేమి? తొట్టికిని జ్వరమునకును గల సంబంధము. చదివిన పిమ్మట చేయవలసినదేమి? తొట్టి బోర్లించుట. రాస్ ప్రశంస అర్థవాదము; అర్థవాదము స్వతంత్రము కాదు, చేయుమన్న పనియందు రుచి పుట్టించుటకై వచ్చినది. ఈ ఆరును వేదవాక్యములకై యేర్పడినవే. దోమల పాఠమునకు వాడినంతమాత్రమున మైలపడవు. పదునొకండేండ్ల పిల్లలు, సంస్కృతపు పేరులు చెప్పకయే, ఈ ప్రశ్నలకు చకచక జవాబులు చెప్పిరి. పేరులు మేము కడపట నల్లబల్లమీద వ్రాసితిమి.

మా శిష్యుని ఒప్పందపత్రమునకు ఈ ఆరింటిలో ఒక్కటి చాలియుండెను. ఫలమేమి, అది ఎవరికి? అని యడిగియుండినయెడల నాలుగవ పుట తానే నోరు విప్పియుండును.

టోన్ అను మాటను గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. ఈ మాటకు బడులలో ఇంత ప్రచారము కలుగుటకు కేంబ్రిడ్జి ఆచార్యుడగు ఐ. ఏ. రిచర్డ్స్ చాలవరకు కారకుడు. ఆయన కవుల పేరులు తీసివేసిన పద్యములను విద్యార్థుల కిచ్చి, వారికి తోచినది వ్రాయించి, ఆ వ్రాతలను పరిశీలించి 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజమ్' అను గ్రంథము ప్రకటించెను. అంత పెద్ద విశ్వవిద్యాలయమున చదువుచున్నవారు, పద్యము బాగున్నది బాగులేదను మాట అట్లుండగా, దాని వాచ్యార్థమునే పలుచోటుల తప్పుగా గ్రహించిరని తేలెను. ఎవరి పేరును చూడకుండ చదువవలసివచ్చినప్పుడు మనలో నెందరు నిలుతుమో! ఆయన అర్థమును నాలుగుగా విడదీసెను: చెప్పిన సంగతి, ఆ సంగతియెడ వక్తకు గల భావము, వినువానియెడ వక్త వైఖరి, వక్త ఉద్దేశము. టోన్ అనునది ఇందు మూడవది. మన పత్రము 'విషయముపట్ల రచయిత వైఖరి' యని వ్రాసి రెండవదానికి మూడవదాని పేరు పెట్టినది. ఇంత చిన్న భేదమునకు ఇంత రచ్చ యేలయని అనరాదు. సంగతి యొకటియే యుండి, వినువాడు మారగానే స్వరము మారుట మన యిండ్లలో దినదినమును వినుచున్నదే. కోడలితో ఒక తీరున, కూతురితో ఒక తీరున చెప్పిన ఒకే మాటను మా పాఠకురాండ్రు మాకంటె బాగుగా ఎరుగుదురు.

ఉదాహరణమునకు ఇంగ్లీషు పుస్తకములకు పోనక్కరలేదు. గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి'లో వెలువడిన చిన్న కథ. రాత్రి చాల ప్రొద్దుపోయిన వెనుక గోపాలరావు ఇల్లు చేరును. భార్య కానరాదు, బల్లమీద ఉత్తరము కలదు. ప్రియా యని సంబోధించు భార్య ఆనాడు అయ్యా యని మొదలుపెట్టినది. ఆ ఒక్క మాటకే అతని గుండె జారును. ఇదే టోన్. ఆమెకు అతనిపై గల భావము మారినదో లేదో ఉత్తరమువలన మనము నిశ్చయింపలేము. అతనితో మాటలాడు వైఖరి మారినదని మాత్రము మొదటి పదమే చాటుచున్నది. భావము వేరు, వైఖరి వేరని పిల్లలకు చూపుటకు ఇంతకంటె తేటయైన చోటు మేమెరుగము.

ఉత్తరములో ఆమె తిట్టలేదు. సభలకు పోవుచున్నానని చెప్పి భర్త పోవుచున్నది వేరొక చోటికని తెలిసియు, తాను ఇంట నుండుటచేతనే కదా ఆయనకు అబద్ధమాడవలసి వచ్చుచున్నది, పుట్టింట నున్నయెడల ఆ అవసరము తప్పునని వినయముగా వ్రాసినది. ఈ వినయమును వినయమని చదివిన పిల్లవాడు వాక్యములను చదివెను గాని ఉత్తరమును చదువలేదు. ఐరనీ యనగా 'చెప్పినదానికి విరుద్ధమైన అర్థము' అని పత్రము. విరుద్ధమని యెట్లు తెలియును? వాక్యములో ఎక్కడను గుర్తు లేదు. వక్త యెవరు, వినువాడెవడు, ఎప్పుడు చెప్పినది అను ప్రకరణము తెలిసిననే తెలియును. భోజనమువేళ సైంధవము తెమ్మనిన ఉప్పనియు, ప్రయాణమువేళ తెమ్మనిన గుఱ్ఱమనియు మన శాస్త్రములలో పసిపిల్లలకును చెప్పు ఉదాహరణము. కాంటెక్స్ట్ క్లూస్ అని పత్రము చివరి గడిలో నిరికించిన విద్య యంతయు ఇదియే. దానికి మొదటి పుట ఇచ్చియుండవలసినది.

కథలో ఇంకొక మెలిక యున్నది. స్త్రీకి చదువు చెప్పించినందుననే ఇంత వచ్చినదను ధోరణిలో నౌకరు రాముడు మాటలాడగా, గోపాలరావు వానిని గద్దించి, చదివిన స్త్రీకంటె ఉత్తమమైన సృష్టి లేదని ప్రసంగించును. ఆ ప్రసంగము నిజమే. ఆ నిజము తనమీదనే తిరిగి వచ్చి కూర్చున్నదని ప్రసంగించువానికి తెలియదు. చదువు చెప్పించినవాడు తానే, ఆ చదువు దిద్దుచున్నదియు తన్నే. మేమును స్త్రీవిద్యను గూర్చి సభలలో మాటలాడినవారమే గనుక ఈ చోటు చదువునప్పుడెల్ల కొంచెము సిగ్గుపడుచుందుము.

కథయంతయు గోపాలరావు వెంటనే నడచును. అతడు చూచినదే మనము చూతుము. పాయింట్ ఆఫ్ వ్యూ అనునది ఇదియే. పత్రము దీనిని 'నేను' అనినచో ప్రథమపురుష, 'అతడు' అనినచో తృతీయపురుష యని సర్వనామముల లెక్కగా మార్చినది. ఆ పేరులైనను మనకు చిక్కే. ఇంగ్లీషువారు మొదటిదిగా లెక్కించు 'నేను' మన వ్యాకరణమున ఉత్తమపురుష; మన ప్రథమపురుష 'అతడు'. ఫస్ట్ అనగా ప్రథమమని అనువదించిన పుణ్యాత్ములు రెండు వ్యాకరణములను ఒక్క దెబ్బతో చెడగొట్టిరి. లెక్క అట్లుండనిండు. అడుగవలసిన ప్రశ్న, ఎవరి కన్నులతో చూచుచున్నాము, వారికి కానరానిదేమి? యనునది. గోపాలరావునకు కానరాని భార్య ఆ గదిలో మంచము క్రిందనే యున్నదని కథ చివర నవ్వు వినబడువరకు మనకును తెలియదు.

ఇన్ని చెప్పిన పిమ్మట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. పైని చెప్పిన ప్రశ్నలు నేర్పినంతమాత్రమున ఎట్టి గ్రంథమైనను తెరచుకొనునని మేము చెప్పము. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అను నిరువురు పరిశోధకులు బేస్‌బాల్ ఆటను గూర్చిన వృత్తాంతము నొకదానిని బడిపిల్లలచే చదివించి పరీక్షించిరి. పఠనసామర్థ్యము తక్కువయైనను ఆట తెలిసిన పిల్లలు, మంచి చదువరులై ఆట తెలియని పిల్లలకంటె బాగుగా గ్రహించి చెప్పిరి. విషయజ్ఞానము లేనిచోట నేర్పు కుంటుపడును. మా యూరి పిల్లవాడు మంచుతుపానును గూర్చిన పాఠమున తడబడినచో వానికి తెలివి లేదనరాదు. టెక్సస్‌లోని మా బాలిక 'వడియాలు ఎండబెట్టుచుండగా వాన వచ్చెను' అను వాక్యమున ఆపద యేమో తెలిసికొనలేకపోయినను అట్లే. కావున పదముల పత్రము చదివించు గంటలో సగము కథలకు, ప్రయాణములకు, జంతువుల సంగతులకు, పూర్వుల చరిత్రకు ఇచ్చినచో ఇన్ఫరెన్స్ తానే వచ్చును.

తల్లులు తమకు ఇంగ్లీషు రాదని వెనుదీయనక్కరలేదు. 1984లో పాలిన్‌సర్, బ్రౌన్ అను విదుషీమణు లిరువురు ప్రకటించిన పద్ధతిలో పనులు నాలుగే: చదివినదానిని నాలుగు మాటలలో చెప్పుట, దానిమీద ఒక ప్రశ్న వేయుట, తెలియని చోటు విప్పుకొనుట, ముందేమి జరుగునో ఊహించుట. కొంతసేపు పెద్దలు, కొంతసేపు పిల్లలు గురుస్థానమున కూర్చుందురు. ఇవి వంటయింటి గడపమీద కూర్చుండి తెలుగులోనే చేయవచ్చును. తెలుగులో ఊహింప నేర్చిన బిడ్డకు ఇంగ్లీషులో కావలసినవి మాటలు మాత్రమే.

మా జవాబు అందిన పిమ్మట మా తమ్ముడు 'దిద్దుబాటు'ను బిడ్డకు చదివి వినిపించెనట. ఆ రాత్రియే ఆమె ఫోను చేసి, "పెదనాన్నా, ఆవిడ నిజంగా వెళ్లిపోదామనుకుందా, లేక మొదటినుంచీ మంచం కిందే ఉందామనుకుందా?" అని యడిగెను. నీకేమి తోచినది, ఎక్కడి మాటనుబట్టి తోచినది అని మేము ఎదురు ప్రశ్న వేసితిమి. ఉత్తరము మరల చదివి చెప్పెదననెను. అటు తరువాత పరీక్షలు వచ్చినవి. 40 పదములలో 39కి ఆమెకు మార్కులు వచ్చినవి. టోన్ అనగా వినువానియెడ వక్త వైఖరి యని వ్రాసినందున ఒకటి తగ్గెనని మా తమ్ముడు కొంచెము నిష్ఠూరముగా తెలియజేసినాడు. ఆ మార్కు మా ఖాతాలో వ్రాసికొంటిమి.